చెరువు గట్టు మీద రాస్ప్‌బెర్రీ పై: పిప్ ఒకటి అంటుంది, ఆప్ట్ ఇంకొకటి అంటుంది, ప్యాకేజీ మాత్రం ఎక్కదు

గట్టు_మీద_గోపి
మాది విడవలూరు మండలం, వనామీ రొయ్యల చెరువులు. షెడ్డులో రాస్ప్‌బెర్రీ పై 3బి అనే చిన్న కంప్యూటర్ బోర్డు పెట్టి, నీళ్ళ టెంపరేచర్ రాత్రంతా నమోదు చేసుకుందామని, తేడా వస్తే ఫోనుకు మెసేజ్ వచ్చేట్టు చేసుకుందామని మొదలుపెట్టా. సెన్సర్ డీఎస్18బీ20, స్టీలు గొట్టంలో వాటర్‌ప్రూఫ్ వైరుతో వచ్చేది. కార్డులో ఉండేది రాస్ప్‌బెర్రీ పై ఓఎస్ బుక్‌వార్మ్ వెర్షన్, 32 బిట్. మా బంధువుల అబ్బాయి కాలేజీ ప్రాజెక్టుకి వాడిన కార్డుకి కాపీ తీసి ఇచ్చాడు.

సెన్సర్ చదివే పైథాన్ ప్యాకేజీ కోసం పిప్ ఇన్‌స్టాల్ డబ్ల్యూ1థర్మ్‌సెన్సర్ అని కొడితే "ఎర్రర్: ఎక్స్‌టర్నల్లీ మేనేజ్డ్ ఎన్విరాన్‌మెంట్" అని మొదలుపెట్టి పేజీడు ఇంగ్లీషు చదివిస్తుంది. పోనీ అని సుడో ఆప్ట్ అప్‌డేట్ కొడితే "రిలీజ్ ఫైల్ ఈజ్ నాట్ వ్యాలిడ్ యెట్" అంటుంది. యూట్యూబ్‌లో ఒకాయన ఇదే కమాండ్ కొడితే టీ తాగే లోపల అయిపోయింది. వచ్చే అమావాస్యకి రొయ్య కుబుసం విడుస్తుంది, ఆ లోపల నడిపించాలని నా టెన్షన్. ఏంది దీని సంగతి?

కావలి_కుర్రోడు
పిప్ కమాండ్ చివర రెండు హైఫన్లు పెట్టి బ్రేక్-సిస్టమ్-ప్యాకేజెస్ అని తగిలించు అన్నా. నోరు మూసుకుని ఎక్కుతుంది. నేను అన్నిటికీ అదే.

పెన్నా_పెంగ్విన్
పేరులోనే బ్రేక్ అని పెట్టి మరీ హెచ్చరిస్తుంటే మనవాడి మొదటి సలహా అదే.

గోపీ, నీకు రెండు వేరువేరు జబ్బులు ఉన్నాయి, రెంటినీ కలపొద్దు. పిప్ అనేది జబ్బు కాదు, రూలు. 2023లో డెబియన్ 12 వచ్చినప్పటి నుంచి, దాని మీద కట్టిన రాస్ప్‌బెర్రీ పై ఓఎస్ బుక్‌వార్మ్‌లో కూడా, సిస్టమ్ పైథాన్‌లోకి పిప్ నేరుగా ఏదీ ఎక్కించకూడదు. పిప్ ఎక్కించేది పైథాన్ ప్యాకేజీలు, ఆప్ట్ చూసుకునేది ఓఎస్ మొత్తం ప్యాకేజీలు. ఆ పైథాన్ ఆప్ట్ చేతిలో ఉంటుంది. ఇద్దరు ఒకే వంటింట్లో దూరితే ఏమవుతుందో తెలుసు కదా. ఆ పేజీడు ఇంగ్లీషులోనే మందు కూడా రాసి ఉంటుంది చూడు: ఆప్ట్ ఇన్‌స్టాల్ పైథాన్3-ఎక్స్‌వైజెడ్ అని. నీకు కావలసింది పైథాన్3-డబ్ల్యూ1థర్మ్‌సెన్సర్. అది ఆప్ట్‌లోనే ఉంది.

రెండోది అసలు జబ్బు. "నాట్ వ్యాలిడ్ యెట్" లైను మొత్తం ఇక్కడ పెట్టు. సగం ఎర్రర్ చూసి మందు రాయలేం.

కావలి_కుర్రోడు
నాకైతే ఇంతవరకూ ఏదీ బ్రేక్ కాలేదు మరి.

ఒంగోలు_గిత్త_64బిట్
@కావలి_కుర్రోడు నాకు అయింది. పిప్‌తో ఎక్కించింది యూఎస్ఆర్ లోకల్ కింద కూర్చుంటుంది, ఆప్ట్ ఎక్కించినదాన్ని చెరిపేయదు. అందుకే మొదట అంతా బాగానే ఉంటుంది. కానీ పైథాన్ వెతికేటప్పుడు ముందు యూఎస్ఆర్ లోకల్‌లో ఉన్నదాన్నే పట్టుకుంటుంది. ఎప్పుడో ఒకరోజు ఓఎస్‌తో వచ్చిన ఏదో పనిముట్టు పైథాన్‌లో రాసినది అయి ఉండి, పాత వెర్షన్ అనుకుని లేస్తే కొత్త వెర్షన్ తగులుతుంది. నెలల తర్వాత పడుతుంది దెబ్బ, అప్పటికి మనం ఏం చేశామో మనకే గుర్తుండదు.

గట్టు_మీద_గోపి
@పెన్నా_పెంగ్విన్ ఇదుగో లైను, చూసి కొడుతున్నా: "ఇన్‌వ్యాలిడ్ ఫర్ అనదర్" అని చెప్పి రోజులు, గంటలు, నిమిషాలు, సెకన్లతో సహా చూపిస్తుంది. రోజులు మూడంకెలు. ఆ కింద "అప్‌డేట్స్ ఫర్ దిస్ రిపాజిటరీ విల్ నాట్ బి అప్లైడ్".

పెన్నా_పెంగ్విన్
దొరికింది. డేట్ అని ఒక్క మాట కొట్టి ఏం చూపిస్తుందో చెప్పు.

గట్టు_మీద_గోపి
పోయిన సంవత్సరం నవంబరు చూపిస్తుంది!

మైపాడు_అల
హహహ, చెరువు దగ్గర కాలం ఆగిపోయింది.

పెన్నా_పెంగ్విన్
అదే నీ రోగం. పై 3బిలో గడియారానికి బ్యాటరీ లేదు. పై 4 వరకూ దేంట్లోనూ లేదు. పై 5లో గడియారం చిప్ పెట్టారు గానీ దానికీ బ్యాటరీ మనమే విడిగా కొని తగిలించాలి. కరెంటు పోతే బోర్డుకి టైము తెలియదు. ఫేక్-హెచ్‌డబ్ల్యూక్లాక్ అని ఒక చిన్న ప్రోగ్రాం ఉంటుంది, అది చివరిగా రాసిపెట్టుకున్న టైముని మళ్ళీ లేచినప్పుడు పెట్టేస్తుంది. కార్డు కాపీ తీసినప్పుడు ఉన్న టైమే నీ దాంట్లో కూర్చుంది.

ఇప్పుడు ఆప్ట్ ఏం చేస్తుంది? సర్వర్ నుంచి రిలీజ్ ఫైలు తెస్తుంది, దాని మీద తేదీ చూస్తుంది. నీ బోర్డు లెక్కలో ఆ ఫైలు ఇంకా పుట్టనే లేదు. రేపటి తేదీ వేసిన చెక్కు ఇస్తే బ్యాంకువాడు ఎట్లా వెనక్కి ఇస్తాడో అట్లా వెనక్కి ఇస్తుంది. నెట్ వచ్చాక టైము దానంతట అదే సరి కావాలి. ఎందుకు కాలేదో టైమ్‌డేట్‌సీటీఎల్ కొట్టి చూడు.

టంగుటూరు_బ్యారన్
మధ్యలో దూరుతున్నా. నాది పొగాకు బ్యారన్, అదే ఆకు ఆరబెట్టే గది, దాని దగ్గర పెట్టిన పై. అక్కడ ఇదే టైము గోల, కాకపోతే నాకు ఆప్ట్ బదులు పిప్‌లో ఎస్ఎస్ఎల్ సర్టిఫికెట్ ఎర్రర్ వచ్చేది. సర్టిఫికెట్‌కి కూడా ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు అని ఉంటుంది కదా, బోర్డు టైము దానికి వెనక ఉంటే ఒప్పుకోదు. నేను నెట్ బాగాలేదని సిమ్ మార్చి, డాంగిల్ మార్చి, చివరికి డీఎస్3231 గడియారం మాడ్యూల్ కొని పెట్టా. నాణెం బ్యాటరీ వేస్తారు దాంట్లో. నెట్ లేని చోట బోర్డు పెట్టేవాళ్ళకి అది తప్పదు.

గట్టు_మీద_గోపి
టైమ్‌డేట్‌సీటీఎల్ కొట్టా. "సిస్టమ్ క్లాక్ సింక్రనైజ్డ్: నో". దాని కింద "ఎన్‌టీపీ సర్వీస్: ఇన్‌యాక్టివ్".

పెన్నా_పెంగ్విన్
నెట్ నుంచి టైము తెచ్చే ఎన్‌టీపీని ఎవరో ఆపేశారు. సుడో టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్-ఎన్‌టీపీ ట్రూ కొట్టు, ఒక నిమిషం ఆగి మళ్ళీ డేట్ చూడు. అప్పటికీ కాకపోతే డేట్ మైనస్ ఎస్‌తో చేత్తో ఇవాళ్టి తేదీ పెట్టి ఆప్ట్ నడిపించు, పని ఆగదు.

మైపాడు_అల
ప్రాజెక్టు అబ్బాయి డెమో రోజు టైము తనే పెట్టుకుని ఉంటాడు, రీడింగులు మార్చుకోవడానికి 😄

బీటెక్_బాబు_ఒంగోలు
ప్రాజెక్టు అబ్బాయిలను అనొద్దండీ, మా బాధలు మావి. కొన్ని కాలేజీ నెట్‌వర్కుల్లో టైము తెచ్చే యూడీపీ 123 పోర్టు మూసేసి ఉంటారు. అది వెతుకుతూ ఉంటే లాగ్ అంతా ఎర్రర్లే. అందుకని ఆపేసి చేత్తో పెట్టుకుంటాం.

ఇది వదిలేసి నాదొకటి చూడండి. పై జీరోలో బొమ్మలు, వీడియోలు చదివే ఓపెన్‌సీవీ లైబ్రరీ పిప్‌తో ఎక్కిస్తుంటే గంటలు గంటలు "బిల్డింగ్ వీల్" అని కూర్చుని చివరికి "కిల్డ్" అని ఒక్క మాట. ఎవరు చంపారో కూడా చెప్పదు.

ఒంగోలు_గిత్త_64బిట్
చంపింది ఓఎస్‌కి గుండెకాయ లాంటి కెర్నలే. ర్యామ్ 512 ఎంబీ, దాంట్లో అంత పెద్ద సీ++ కోడ్ కంపైల్ చేస్తే మెమరీ అయిపోతుంది, అప్పుడు అన్నిటికన్నా ఎక్కువ తింటున్నదాన్ని కెర్నల్ తీసేస్తుంది. డీమెసేజ్ కొడితే "అవుట్ ఆఫ్ మెమరీ" అని రాసి ఉంటుంది చూడు.

అసలు ప్రశ్న అది కంపైల్ ఎందుకు మొదలుపెట్టిందని. రాస్ప్‌బెర్రీ పై ఓఎస్ 32 బిట్‌లో పిప్‌కి పైవీల్స్ అనే చోటు ముందే చెప్పి ఉంటుంది. అక్కడ ముందే కట్టి పెట్టిన ప్యాకేజీలు, అంటే వీల్స్, దొరుకుతాయి, దించుకుంటే చాలు. నీకు తగిన పైథాన్ వెర్షన్‌కి అక్కడ లేకపోతేనే సోర్సు దించి కంపైల్‌కి దిగుతుంది. కాబట్టి కొత్త వెర్షన్ మీద మోజు మానుకుని ఆప్ట్ ఇన్‌స్టాల్ పైథాన్3-ఓపెన్‌సీవీ చెయ్యి. పాతదే కానీ పని చేసేది.

కందుకూరు_కమాండ్‌లైన్
పైవీల్స్ 32 బిట్‌కే అని గుర్తుపెట్టుకోండి. 64 బిట్ అయితే పిప్ మామూలుగా వెతికే పైపీఐ నుంచే ఏఆర్ఎమ్ వీల్స్ వస్తాయి, చాలావాటికి ఉన్నాయి.

ఇంకొక తిరకాసు. పై 4లో 32 బిట్ ఓఎస్ వేసినా 2023 నుంచి కెర్నల్ మాత్రం 64 బిట్‌ది లేస్తుంది. యూనేమ్ మైనస్ ఎమ్ కొడితే "ఏఆర్చ్64" అంటుంది, మనం 64 బిట్ అనుకుని ఎక్కడి నుంచో 64 బిట్ డెబ్ ఫైలు తెచ్చి పెడితే "ప్యాకేజీ ఆర్కిటెక్చర్ డజ్ నాట్ మ్యాచ్ సిస్టమ్" అంటుంది. యూనేమ్ నమ్మొద్దు. డీప్యాకేజ్ ప్రింట్-ఆర్కిటెక్చర్ అడగండి, "ఆర్మ్‌హెచ్‌ఎఫ్" అంటే 32, "ఆర్మ్64" అంటే 64.

మైపాడు_అల
కందుకూరు వాళ్ళకి ఇది బాగా తెలుస్తుంది. ఊరు అదే, 2022లో జిల్లా ప్రకాశం నుంచి నెల్లూరుకి మారింది. అప్పుడు యూనేమ్ నెల్లూరు అంది, మనసు మాత్రం ప్రకాశంలోనే ఉండిపోయింది.

కందుకూరు_కమాండ్‌లైన్
😐

గట్టు_మీద_గోపి
టైము సరి అయింది! ఆప్ట్ అప్‌డేట్ గలగలా నడిచింది. ఇన్‌స్టాల్ మొదలుపెట్టా, "అన్‌ప్యాకింగ్" అని వస్తుండగా బోర్డు తనంతట తానే రీబూట్ అయింది. ఇప్పుడు ఆప్ట్ ఏం కొట్టినా "డీప్యాకేజ్ వాజ్ ఇంటరప్టెడ్" అంటుంది.

కావలి_కుర్రోడు
వార్ లిబ్ డీప్యాకేజ్‌లో లాక్ ఫైలు డిలీట్ చేసెయ్యి అన్నా.

పెన్నా_పెంగ్విన్
నాయనా, ఆగు!! ఇది లాక్ గొడవ కాదు. "కుడ్ నాట్ గెట్ లాక్" అని వచ్చినా సరే లాక్ ఫైలు డిలీట్ చేసేది లేదు. అది వచ్చిందంటే వెనకాల ఇంకొక ఆప్ట్ నడుస్తుందని అర్థం. డెస్క్‌టాప్ వెర్షన్‌లో అప్‌డేట్లు చూసే ప్రోగ్రాం బూట్ అవగానే లేస్తుంది. కాసేపు ఆగితే దానంతట అది వదిలేస్తుంది. ఆ లాక్ లాగేస్తే ఇద్దరూ ఒకేసారి డేటాబేసులో రాస్తారు, ఆ తర్వాత కార్డు మళ్ళీ ఫ్లాష్ చేసుకోవడమే.

గోపీ, ఎర్రర్‌లోనే మందు ఉంది: సుడో డీప్యాకేజ్, రెండు హైఫన్లు, కాన్ఫిగర్, మైనస్ ఏ. సగంలో ఆగినవాటిని పూర్తి చేస్తుంది. తర్వాత సుడో ఆప్ట్ మైనస్ ఎఫ్ ఇన్‌స్టాల్.

కానీ అది కొట్టే ముందు బోర్డు ఎందుకు పడిపోయిందో చూడు. లేకపోతే మళ్ళీ సగంలో పడుతుంది. ఏ ఛార్జర్ వాడుతున్నావు?

గట్టు_మీద_గోపి
ఇంట్లో ఉన్న ఫోన్ ఛార్జరే. షెడ్డులో ప్లగ్గు దూరం, అందుకని పొడుగు కేబుల్.

చీమకుర్తి_ఓల్ట్
అయిపోయింది కథ. ఇక్కడ గ్రానైట్ ఫ్యాక్టరీలో కరెంటు పని నాది, ఇది నా సబ్జెక్టు. పై 3కి 5 ఓల్టులు, 2.5 ఆంపియర్లు కావాలి. ఫోన్ ఛార్జర్ మీద 2 అని రాసినా సన్నటి పొడుగు కేబుల్లో ఓల్టేజీ దారిలోనే పడిపోతుంది. బోర్డు దగ్గర 4.63 కన్నా తగ్గితే తక్కువ ఓల్టేజీ హెచ్చరిక వస్తుంది. బోర్డు మీద ఎర్ర లైటు చూడు. పై 3బిలో ఆ లైటు స్థిరంగా వెలగాలి. ఆరి ఆరి వెలుగుతుంటే ఓల్టేజీ పడుతుందని. ప్యాకేజీ ఎక్కేటప్పుడు సీపీయూ, కార్డు, వైఫై మూడూ ఒకేసారి లాగుతాయి కదా, అప్పుడే పడుతుంది. ఊరికే ఉన్నప్పుడు బాగానే ఉంటుంది.

వీసీజెన్‌సీఎమ్‌డీ గెట్_థ్రాటిల్డ్ కొట్టి నంబరు చెప్పు.

గట్టు_మీద_గోపి
0ఎక్స్50005. ఎర్ర లైటు నిజంగానే మిణుకుమిణుకుమంటుంది, అది నెట్ సిగ్నల్ అనుకుంటున్నామే ఇన్నాళ్ళూ ఇంట్లో అందరం.

చీమకుర్తి_ఓల్ట్
చివరి 5 అంటే ఇప్పుడు ఈ క్షణాన ఓల్టేజీ తక్కువ ఉంది, దాంతో స్పీడు తగ్గించింది. ముందు 5 అంటే బూట్ అయినప్పటి నుంచి ఎప్పుడో ఒకసారి అట్లా అయింది. 0ఎక్స్0 వచ్చేదాకా ఏ ప్యాకేజీ జోలికీ పోవద్దు. పై కోసం చేసిన 2.5 ఆంపియర్ల అడాప్టర్ కొను, కేబుల్ దానికే అతికి ఉంటుంది. ప్లగ్గు దూరమైతే 230 ఓల్టుల ఎక్స్‌టెన్షన్ వైరు లాగు, 5 ఓల్టుల కేబుల్ లాగొద్దు.

సూళ్ళూరుపేట_సుడో
నేను కార్డునే అనుమానిస్తా. సగంలో కరెంటు పోయిన కార్డు ఇంకా బతికి ఉందో లేదో చూడాలి. డీమెసేజ్‌లో "ఎమ్ఎమ్‌సీ0" పక్కన ఎర్రర్లు గానీ, "రీడ్-ఓన్లీ ఫైల్ సిస్టమ్" అని గానీ ఉంటే కార్డు పోయినట్టే. నాకు ఒక షాపులో 64 జీబీ అని అమ్మిన కార్డు నిజానికి అందులో పావు వంతు కూడా లేదు. ఎఫ్3 అనే ప్రోగ్రాంతో నింపి చూస్తే బయటపడింది. అంతవరకూ ప్యాకేజీలు ఎక్కుతాయి, మళ్ళీ లేపితే ఫైళ్ళలో చెత్త.

చీమకుర్తి_ఓల్ట్
కార్డు పోయేది కూడా ఓల్టేజీ వల్లే బాబూ.

సూళ్ళూరుపేట_సుడో
నకిలీ కార్డుకి ఓల్టేజీ ఎంత ఇచ్చినా నకిలీయే అన్నా.

చీమకుర్తి_ఓల్ట్
అది ఒప్పుకుంటా.

టంగుటూరు_బ్యారన్
కరెంటు పోయినప్పుడు కార్డు పాడవకుండా రాస్పీ-కాన్ఫిగ్‌లో పెర్ఫార్మెన్స్ ఆప్షన్లలో ఓవర్‌లే ఫైల్ సిస్టమ్ అని ఉంటుంది. అది ఆన్ చేస్తే కార్డు మీద ఏదీ రాయదు, మార్పులన్నీ ర్యామ్‌లోనే. బ్యారన్ దగ్గర నాకు ప్రాణం లేచొచ్చింది దాంతో.

కానీ ఒక హెచ్చరిక. మా తమ్ముడు అది ఆన్‌లో ఉన్న సంగతి తెలియక ప్యాకేజీ ఎక్కించాడు. ఎక్కింది, నడిచింది. రీబూట్ చేస్తే ప్యాకేజీ లేదు. మళ్ళీ ఎక్కించాడు, మళ్ళీ లేదు. వాడు దయ్యం అన్నాడు, నేను అప్పుడు వేలంలో ఉన్నా, ఫోన్ ఎత్తలేదు. ఎక్కించేటప్పుడు ఓవర్‌లే ఆఫ్, రీబూట్, ఎక్కించడం, మళ్ళీ ఆన్, రీబూట్. ఈ వరస తప్పితే పని వృథా.

బీటెక్_బాబు_ఒంగోలు
బ్యారన్ లోపల వేడికి బోర్డు బతుకుతుందా అన్నా?

టంగుటూరు_బ్యారన్
బోర్డు బయట, సెన్సర్ మాత్రం లోపల. ఈనె ఆరే దశలో లోపల 70 డిగ్రీల దాకా పోతుంది. డీఎస్18బీ20 చిప్ 125 వరకూ తట్టుకుంటుంది కానీ చవక వైర్ల తొడుగు అంత వేడికి మెత్తబడుతుంది, చూసి కొనాలి. పై అయితే చిప్ 80 దాటితే తానే స్పీడు తగ్గించుకుంటుంది. రోహిణి కార్తెలో మన దగ్గర రేకుల షెడ్డు కింద పెడితే బ్యారన్ అక్కర్లేదు, షెడ్డే చాలు.

మునిరత్నం_ఈఎస్‌పీ
ఒక్క టెంపరేచర్ కోసం లైనక్సు, ఆప్ట్, పిప్, కార్డు, ఇంత బరువు ఎందుకు? ఈఎస్‌పీ32 అనే చిన్న చిప్ బోర్డు పెట్టండి. కార్డు లేదు పాడవడానికి, ఓఎస్ లేదు అప్‌డేట్ చేయడానికి. ఇదంతా ఈగను కొట్టడానికి రోకలి.

పెన్నా_పెంగ్విన్
నిజమే, కాకపోతే ఆయన చేతిలో ఉంది పై. ఉన్నదానితో అడిగాడు.

గట్టు_మీద_గోపి
రేపు పొద్దున కెమెరా కూడా పెట్టాలని ఉంది, అందుకే పై. అడాప్టర్ తెచ్చా, నెల్లూరు ట్రంక్ రోడ్డులో దొరికింది. గెట్_థ్రాటిల్డ్ ఇప్పుడు 0ఎక్స్0. డీప్యాకేజ్ కాన్ఫిగర్ నడిచింది, ప్యాకేజీ ఎక్కింది. డీమెసేజ్‌లో కార్డు ఎర్రర్లు ఏమీ లేవు.

కానీ సెన్సర్ చూస్తే 85 డిగ్రీలు అంటుంది. ఎప్పుడు చూసినా సరిగ్గా 85.

మైపాడు_అల
చెరువులో రొయ్యల పులుసు రెడీ, అన్నం పెట్టుకుని వస్తున్నాం అందరం.

కావలి_కుర్రోడు
మామిడికాయ ముక్కలు వేశారా?

చీమకుర్తి_ఓల్ట్
85 అంటే కొలత కాదు. ఆ చిప్ కరెంటు అందుకోగానే దాని లోపల ఉండే మొదటి విలువ అది. కొలిచే లోపే చదివితే, లేదా కొలిచేటప్పుడు కరెంటు చాలకపోతే ఆ 85నే ఇస్తుంది. మూడు వైర్లూ పెట్టావా? ఎరుపు 3.3 ఓల్టులకి, నలుపు గ్రౌండ్‌కి, పసుపు జీపీఐఓ 4కి, అంటే బోర్డు మీద 7వ పిన్నుకి. ఎరుపుకీ పసుపుకీ మధ్య 4.7 కిలో ఓమ్‌ల రెసిస్టర్ ఉండాలి. ఎరుపు పిన్ను దగ్గర సరిగ్గా దిగకపోతే ఆ చిప్ పసుపు వైరులోంచే దొంగ కరెంటు లాక్కుని అరకొరగా నడుస్తుంది. అప్పుడే ఈ 85.

కొన్ని సెన్సర్లకి వైర్ల రంగులు వేరే ఉంటాయి, అమ్మినవాడు ఇచ్చిన కాగితం చూడు. తప్పు పెడితే చిప్ కాలుతుంది, ముట్టుకుంటే తెలుస్తుంది.

అల్లూరు_ఆక్వా_సీనియర్
అంతా చదివాను. ఒక్క మాట అడుగుతా, ఈ సెన్సర్‌కి అసలు ప్యాకేజీ ఎందుకు?

1-వైర్ చదివే పని కెర్నల్లోనే ఉంది. బూట్ ఫర్మ్‌వేర్ ఫోల్డర్లో కాన్ఫిగ్ డాట్ టీఎక్స్‌టీలో డీటీఓవర్‌లే=డబ్ల్యూ1-జీపీఐఓ అని ఒక లైను రాసి రీబూట్ చేస్తే చాలు. పాత వీడియోల్లో బూట్ ఫోల్డర్ అనే చెబుతారు, బుక్‌వార్మ్ నుంచి ఆ ఫైలు బూట్ కింద ఫర్మ్‌వేర్ అనే ఫోల్డర్లోకి మారింది. తర్వాత సిస్ బస్ డబ్ల్యూ1 డివైసెస్ కింద 28 అంకెతో మొదలయ్యే ఫోల్డర్ ఒకటి పుడుతుంది. దాంట్లో డబ్ల్యూ1_స్లేవ్ అనే ఫైలు క్యాట్ చేయండి. రెండు లైన్లు వస్తాయి. మొదటి లైను చివర "యస్" ఉంటే రీడింగ్ చెడిపోకుండా వచ్చినట్టు, "నో" ఉంటే పారేయాలి. రెండో లైను చివర టీ=29125 అని ఉంటే 29.125 డిగ్రీలు. వెయ్యితో భాగించడం ఒక్కటే మన పని. దానికి పిప్ అక్కర్లేదు, ఆప్ట్ అక్కర్లేదు.

గట్టు_మీద_గోపి
సార్, ఇది మొదటి రోజే చెప్పి ఉంటే!

అల్లూరు_ఆక్వా_సీనియర్
మొదటి రోజు మాకు పట్టుబడి. చెరువులో వల, నేను గట్టు మీద.

పెన్నా_పెంగ్విన్
సీనియర్ గారు చెప్పింది నూటికి నూరు పాళ్ళు నిజం. కానీ టైము, ఓల్టేజీ సంగతి ఎట్లాగూ తేలాల్సిందే. మెసేజ్ పంపాలంటే పైథాన్3-రిక్వెస్ట్స్, సిమ్ మాడ్యూల్ పెడితే పైథాన్3-సీరియల్, ఏదో ఒకటి ఆప్ట్‌లోంచి రావాలి.

చీమకుర్తి_ఓల్ట్
సిమ్ మాడ్యూల్ అన్నారు కాబట్టి ముందే చెబుతున్నా. సిమ్800ఎల్ కొంటే దానికి కరెంటు పై నుంచి ఇవ్వొద్దు. సిగ్నల్ పంపేటప్పుడు క్షణంపాటు 2 ఆంపియర్ల దాకా లాగుతుంది. మళ్ళీ 50005 చూస్తారు. అదీకాక అది 2జీ మాత్రమే, జియో లాంటి 2జీ లేని కంపెనీల సిమ్ములతో పని చేయదు.

గట్టు_మీద_గోపి
పసుపు వైరు కాదు, ఎరుపు వైరే బ్రెడ్‌బోర్డులో వదులుగా ఉంది. నొక్కి పెట్టి ఫైలు క్యాట్ చేస్తే టీ=30437. 28 అంకె ఫోల్డర్ కూడా ఉంది, ఆ అబ్బాయి కాన్ఫిగ్‌లో లైను ముందే రాసి పెట్టినట్టున్నాడు.

అల్లూరు_ఆక్వా_సీనియర్
మంచిది. ఒక సంగతి మాత్రం మనసులో పెట్టుకోండి. టెంపరేచర్ చూసి ఆక్సిజన్ తెలిసిందనుకోవద్దు. వేడి పెరిగితే నీళ్ళు పట్టుకునే ఆక్సిజన్ తగ్గుతుంది, అంతవరకే దాంతో తెలిసేది. తెల్లవారుజామున డీఓ, అంటే నీళ్ళలో కరిగిన ఆక్సిజన్, పడేది నాచు, మురుగు, రొయ్య అన్నీ కలిసి రాత్రంతా పీల్చుకోవడం వల్ల. దానికి డీఓ ప్రోబ్ వేరే ఉంది, ఖరీదు ఎక్కువ, మెంబ్రేన్ శుభ్రం చేస్తుండాలి. చాలా ప్రోబ్‌లు అనలాగ్ సిగ్నల్ ఇస్తాయి, రాస్ప్‌బెర్రీ పైకి అనలాగ్ చదివే పిన్ను లేదు, మధ్యలో ఏడీఎస్1115 లాంటి చిప్ పెట్టాలి.

నన్నడిగితే డీఓ కన్నా ముందు ఏరేటర్ల కరెంటు ఉందో పోయిందో చూసే సెన్సర్ పెట్టండి. రాత్రి కరెంటు పోయి, జనరేటర్ దగ్గర కాపలావాడు నిద్రపోతే నష్టం అక్కడ. రాస్ప్‌బెర్రీ పైకి చిన్న బ్యాటరీ బ్యాకప్ పెట్టి, లైను కరెంటు పోగానే ఫోను మోగించేట్టు చేస్తే సగం నిద్ర మనకి.

బీటెక్_బాబు_ఒంగోలు
సార్, ఇది నాకు ఫైనలియర్ ప్రాజెక్టుకి తీసుకోవచ్చా?

అల్లూరు_ఆక్వా_సీనియర్
తీసుకో నాయనా. చెరువు దగ్గరకి వచ్చి చెయ్యి కానీ ల్యాబులో బకెట్ పెట్టి చెయ్యొద్దు.

కావలి_కుర్రోడు
నాకూ ఒక డౌటు. నా పై 1 పాతది, దాంట్లో స్ట్రెచ్ అనే పాత ఓఎస్ వెర్షన్ ఉంది. ఆప్ట్ అప్‌డేట్ కొడితే "డజ్ నాట్ హావ్ ఎ రిలీజ్ ఫైల్", 404. టైము సరిగ్గానే ఉంది, చూశా.

పెన్నా_పెంగ్విన్
స్ట్రెచ్ 2017ది. దాన్ని మామూలు సర్వర్ల నుంచి తీసేశారు, లెగసీ రాస్ప్‌బియన్ సర్వర్లోకి మార్చారు. సోర్సెస్ లిస్టులో అడ్రస్ మారిస్తే దొరుకుతుంది కానీ సెక్యూరిటీ అప్‌డేట్లు రావు. కొత్త ఇమేజ్ వేసుకో. 32 బిట్ ఓఎస్ పై 1 మీద ఇంకా లేస్తుంది. వెర్షన్ నుంచి వెర్షన్‌కి ఆప్ట్‌తో ఎగబాకడం వద్దు, వాళ్ళే వద్దంటారు. నీ ఫైళ్ళు పెన్‌డ్రైవులోకి తీసుకుని కార్డు మళ్ళీ ఫ్లాష్ చెయ్యి. కార్డు ఫ్లాష్ చేసే ఇమేజర్ ప్రోగ్రాంలో యూజర్ పేరు నువ్వే పెట్టుకో. 2022 నుంచి "పై" అనే రెడీమేడ్ యూజర్ లేడు, పాత పాస్‌వర్డ్ కొట్టి లాగిన్ అవడం లేదని మళ్ళీ ఇక్కడికే వస్తావు.

కావలి_కుర్రోడు
బ్రేక్-సిస్టమ్-ప్యాకేజెస్ వాడొచ్చా కొత్తదాంట్లో?

పెన్నా_పెంగ్విన్
వాడు. ఆ తర్వాత నా పేరు చెప్పకు.

ఒంగోలు_గిత్త_64బిట్
@కావలి_కుర్రోడు ఆప్ట్‌లో లేనిది నిజంగా కావాలంటే వెన్వ్, అంటే పైథాన్ ప్యాకేజీలకి విడి ఫోల్డర్, చేసుకో. పైథాన్3 మైనస్ ఎమ్ వెన్వ్, తర్వాత ఫోల్డర్ పేరు, అంతే. చేసేటప్పుడు సిస్టమ్-సైట్-ప్యాకేజెస్ అనే ఆప్షన్ కూడా ఇస్తే ఆప్ట్‌తో ఎక్కించినవీ లోపల కనిపిస్తాయి. పోతే ఆ ఫోల్డర్ ఒక్కటి డిలీట్ చేస్తే చాలు, ఓఎస్‌కి ఏమీ కాదు.

గట్టు_మీద_గోపి
నా స్క్రిప్ట్ రాసుకున్నా. చేత్తో నడిపితే మెసేజ్ వస్తుంది. రీబూట్ అయితే తనంతట తాను లేవాలంటే? మెసేజ్ పంపడానికి ఒక లైబ్రరీ ఆప్ట్‌లో దొరక్క వెన్వ్‌లోనే పెట్టా, అందుకని యాక్టివేట్ ఎక్కడ రాయాలో అర్థం కావడం లేదు.

ఒంగోలు_గిత్త_64బిట్
యాక్టివేట్ అక్కర్లేదు. బూట్ అవగానే ప్రోగ్రాంలను లేపేది సిస్టమ్‌డీ, దానికి సర్వీస్ ఫైలు రాయి. ఎగ్జెక్‌స్టార్ట్ లైనులో మామూలు పైథాన్3 బదులు నీ వెన్వ్ ఫోల్డర్లో బిన్ కింద ఉన్న పైథాన్‌కి పూర్తి దారి ఇవ్వు, పక్కన స్క్రిప్ట్‌కి పూర్తి దారి. రీస్టార్ట్=ఆల్వేస్ పెట్టు, సెన్సర్ వైరు ఊడి స్క్రిప్ట్ పడిపోయినా మళ్ళీ లేస్తుంది. నెట్‌వర్క్-ఆన్‌లైన్ టార్గెట్ తర్వాతే లేవాలని ఆఫ్టర్, వాంట్స్ రెండూ రాయి. ఆపైన సుడో సిస్టమ్‌సీటీఎల్ ఎనేబుల్, రెండు హైఫన్లు, నౌ, సర్వీస్ పేరు.

పెన్నా_పెంగ్విన్
దాంట్లో టైమ్-సింక్ టార్గెట్ కూడా ఆఫ్టర్‌లో చేర్చు. సిస్టమ్‌డీ-టైమ్-వెయిట్-సింక్ సర్వీస్ ఎనేబుల్ చేస్తేనే అది నిజంగా ఆగుతుంది. లేకపోతే కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ మొదటి కాసిని రీడింగులు పాత తేదీతో పడతాయి. నెట్ అసలు రాకపోతే స్క్రిప్ట్ కూడా లేవదు, అది నీకు సమ్మతమైతేనే పెట్టు. కాదనుకుంటే బ్యారన్ అన్న చెప్పిన డీఎస్3231 కొనుక్కో.

గట్టు_మీద_గోపి
డీఎస్3231 ఆర్డర్ పెట్టా. నెట్ లేదని కొలవడం ఆగితే నాకు కుదరదు.

టంగుటూరు_బ్యారన్
అది వచ్చాక కాన్ఫిగ్ డాట్ టీఎక్స్‌టీలో డీటీఓవర్‌లే=ఐ2సీ-ఆర్‌టీసీ, కామా, డీఎస్3231 అని రాసి, ఫేక్-హెచ్‌డబ్ల్యూక్లాక్ ప్యాకేజీని ఆప్ట్ రిమూవ్ చెయ్యి. రెండూ ఉంటే టైము కోసం కొట్టుకుంటాయి.